కుండ మీద అకిలీస్.. తెర మీద హనుమంతుడు!

నా బ్లాగ్ చదివే జూనియర్లు తరచూ పోర్ట్‌ఫోలియో లింకులు పంపుతుంటారు. 'అన్నా, ఒక్కసారి చూసి చెప్పవా' అని. కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, తాడేపల్లిగూడెం.. కాలేజీ ఏదైనా కానివ్వండి, లోపల ఉండేవి మాత్రం దాదాపు అవే. ఫుడ్ డెలివరీ యాప్‌కు నకలు ఒకటి. వాతావరణం చూపించే వెబ్‌సైట్ ఒకటి. గేమింగ్, యానిమేషన్ వైపు వెళ్లాలనుకునే వాళ్లదైతే స్పైడర్‌మ్యాన్ బొమ్మ, నరుటో బొమ్మ. గీత బాగానే ఉంటుంది, కోడ్ కూడా నడుస్తుంది. కానీ ఇంటర్వ్యూ చేసేవాళ్లు పొద్దుటి నుంచి అవే చూస్తూ కూర్చున్నారు కదా! మీది తెరిచేసరికి వాళ్ల చెయ్యి ఆగడానికి కారణం ఏముంటుంది?

ఆ కారణం మనకు పక్క ఊళ్లోనే దొరకొచ్చు. అక్కడికి వెళ్లే ముందు కాస్త గ్రీసు చుట్టి వద్దాం. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

గేమ్‌గా మారిన కుండ

2015లో ఏలియన్‌ట్రాప్ అనే కెనడా స్టూడియో 'అపోథియన్' పేరుతో ఒక టూడీ గేమ్ విడుదల చేసింది. స్క్రీన్‌షాట్లు వెతికి చూడండి. ఎర్రమట్టి రంగు నేపథ్యం, దాని మీద నల్లటి మనుషులు, అందరి ముఖాలూ పక్క నుంచే కనిపిస్తాయి. చూడగానే గుర్తుండిపోయే తీరు అది. ఆ తీరు స్టూడియో వాళ్లు కనిపెట్టింది కాదు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో ఏథెన్స్ కుమ్మరులు ద్రాక్షసారాకీ, నూనెకీ, నీళ్లకీ చేసిన కుండల మీద గీసుకున్న బొమ్మలను తీసుకొచ్చి, వాటికి కదలిక ఇచ్చారంతే.

ఆ కుండల మీద ఏముండేవి? వాళ్ల పురాణాలే. సింహాన్ని చంపుతున్న హెరాక్లీస్ (మనం హెర్క్యులిస్ అంటాం కదా, ఆయనే), ట్రాయ్ యుద్ధం, దేవతల పెళ్లిళ్లు, రాక్షసుల చావులు. ఇటలీలోని ఫ్లోరెన్స్ పురావస్తు మ్యూజియంలో 'ఫ్రాన్స్వా కలశం' అని ఒకటుంది. క్రీ.పూ. 570 ప్రాంతంలో చేసినది. ఎత్తు 66 సెంటీమీటర్లు. మన ఇంట్లో బిందె కన్నా కాస్త పెద్దదనుకోండి. దాని మీద వరసలు వరసలుగా దాదాపు 270 బొమ్మలున్నాయి. చేసినవాడు ఎర్గొటిమోస్, గీసినవాడు క్లైటియాస్. ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. మనుషుల పక్కనే కాదు, నీళ్ల కడవ పక్కన 'కడవ' అనీ, కూర్చునే చోటు పక్కన 'ఆసనం' అనీ కూడా రాసుకున్నాడు. వేరియబుల్స్‌కి సరైన పేర్లు పెట్టని వాళ్లంతా ఈయన దగ్గర నేర్చుకోవాలి!

1900లో ఆ మ్యూజియం కాపలాదారు ఒకాయన కోపంలో స్టూలు విసిరితే ఈ కలశం 638 ముక్కలైంది. ముక్కలన్నీ ఏరి మళ్లీ అతికించారు. అంత శ్రమ ఎందుకు పడ్డారంటే, గ్రీకుల పురాణాలను వాళ్లు ఊహించుకున్న తీరు మనకు కనిపించేది ఎక్కువగా ఈ కుండల మీదే. వాళ్ల గోడల మీదా, చెక్క పలకల మీదా వేసిన బొమ్మలు చాలామటుకు పోయాయి. కాలిన మట్టి మాత్రం నిలిచింది.

అది రంగు కాదు.. కెమిస్ట్రీ

ఇంజినీరింగ్ వాళ్లకు ఇక్కడ అసలు మజా ఉంది. ఆ నలుపు రంగు డబ్బాలోంచి వచ్చింది కాదు. కుండదీ, పైన పూసినదీ ఒకే ఇనుము ఉన్న ఎర్రమట్టి. కాకపోతే పూతకు వాడే మట్టిని నీళ్లలో కలిపి తేర్చి, అతి మెత్తటి రేణువులను మాత్రమే తీసుకునేవారు. బొమ్మ గీసేటప్పుడు ఈ రెండింటికీ రంగులో పెద్ద తేడా కూడా కనిపించదు. తేడా ఆవంలో పుడుతుంది.

మొదట గాలి ఆడనిచ్చి కాలుస్తారు. అంతా ఎర్రబడుతుంది. తర్వాత గాలి దారి మూసేసి, పచ్చి కట్టె వేసి పొగబెడతారు. ఆక్సిజన్ అందక ఐరన్ ఆక్సైడ్ మారిపోయి కుండ మొత్తం నల్లబడుతుంది. ఆ వేడికి మెత్తటి పూత కరిగినట్టై గాజులా మూసుకుపోతుంది. చివర్లో మళ్లీ గాలి వదులుతారు. గుల్లగా ఉన్న కుండ ఒళ్లు గాలి పీల్చుకుని ఎర్రగా తిరిగొస్తుంది. మూసుకుపోయిన పూతలోకి గాలి చొరబడదు కాబట్టి అది నల్లగానే ఉండిపోతుంది. థర్మామీటర్ లేదు, సెన్సార్ లేదు. మంట రంగు చూసి, కట్టె వాసన చూసి ఈ మూడు దశలూ నడిపించారు. బీటెక్‌లో మెటలర్జీ చదివిన నా స్నేహితుడికి ఇది చెబితే 'దీన్ని ల్యాబ్‌లో పెట్టుంటే ఒక్క క్లాసూ ఎగ్గొట్టేవాణ్ణి కాదు' అన్నాడు.

ఇక బొమ్మ విషయానికొద్దాం. ముందు మనిషి ఆకారమంతా పూతతో నింపేస్తారు, నీడలాగా. తర్వాత సూదిమొన లాంటి పనిముట్టుతో గీరుతారు. గీరిన చోట పూత లేచిపోయి, కింది ఎర్రమట్టి గీతలా కనిపిస్తుంది. కన్ను, గడ్డం, కవచం మీద నగిషీ.. అన్నీ ఇలా గీరినవే. క్రీ.పూ. 530-520 మధ్య ఏథెన్స్ వాళ్లే దీన్ని తిరగేశారు. నేపథ్యాన్ని నలుపు చేసి, మనుషులను ఎరుపులో వదిలి, లోపలి గీతలు కుంచెతో వేయడం మొదలుపెట్టారు. డార్క్ మోడ్ అన్నమాట.

ఆకారం నీడలా ఉంటుంది. పక్క ముఖంలో పెద్ద కన్ను ఉంటుంది. లోపలి వివరాలన్నీ గీరితే వచ్చినవే. ఇప్పుడు కళ్లు మూసుకుని ఇలాంటిది ఇంకెక్కడ చూశారో గుర్తుచేసుకోండి.

మాధవపట్నం దాకా వచ్చేశాం

కాకినాడ నుంచి సామర్లకోట వెళ్లే దారిలో మాధవపట్నం వస్తుంది. మీలో చాలామంది కాలేజీ బస్సులో రోజూ దాటే ఊరే. గోదావరి జిల్లాల్లో తోలుబొమ్మలాటకు పేరున్న ఊరది. తరతరాలుగా బొమ్మలు చేసి, పాడి, ఆడించే కుటుంబాలు అక్కడున్నాయి. ఈ కళ ఎంత పాతదంటే పాల్కురికి సోమనాథుడి 'పండితారాధ్య చరిత్ర'లోనే దీని ప్రస్తావన ఉంది. రామాయణం ఆడేవాళ్లకు 'రంగనాథ రామాయణం' ద్విపదలే పెద్ద ఆధారం. నడిరాత్రి జనం కునుకు తీయకుండా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి గోల చేస్తారు. ఈ మధ్య రీల్స్‌లో గోదావరి యాసలో 'ఆయ్' అంటూ మనల్ని నవ్విస్తున్నవాళ్లు చేసే పనిని వాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నారు.

బొమ్మ తయారీ చూడండి. మేక తోలో, గొర్రె తోలో తీసుకుని, నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు ఆరపారేంత పలచగా చేసి ఆరబెడతారు. ఆకారం గీసి, అంచులు కోస్తారు. తర్వాత చిన్న చిన్న ఉలులతో నగలు, కిరీటం, చీర అంచు ఉండే చోటల్లా రంధ్రాలు కొడతారు. రెండు వైపులా రంగులు వేస్తారు. మనిషంత ఎత్తు బొమ్మలు కూడా ఉంటాయి. తెర వెనక ఒకప్పుడు ఆముదం దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు. దీపం రెపరెపలాడితే బొమ్మ ఊపిరి తీస్తున్నట్టు ఉండేదని పాతవాళ్లు అంటారు.

గ్రీకువాడు నలుపును గీరి ఎరుపును బయటికి తెచ్చాడు. మనవాళ్లు తోలును తొలిచి వెలుగును బయటికి తెచ్చారు. రెండుచోట్లా పని ఒకటే, ఉన్నదాంట్లోంచి కొంత తీసేసి గీతను పుట్టించడం. ఇక్కడ ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. దీన్ని బట్టి 'వాళ్లు మన దగ్గర నేర్చుకున్నారు' అనో, 'మనం వాళ్లని చూసి చేశాం' అనో వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయకండి. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం 'పెరిప్లస్'లో మన మచిలీపట్నం తీరం మసాలియా పేరుతో కనిపించే మాట నిజమే. కానీ అప్పటికి ఏథెన్స్‌లో ఈ కుండబొమ్మల కాలం ముగిసి ఎన్నో తరాలైంది. ఒకే రకం సమస్య ఎదురైతే ఇద్దరు మంచి పనివాళ్లు ఒకే రకం జవాబు దగ్గరికి చేరతారు, అంతే.

ఇది మీ సిలబస్సే

ఆ సమస్య ఏంటంటే, దూరంగా కూర్చున్నవాడికి, అరక్షణంలో, ఆ వచ్చింది ఎవరో తెలియాలి. గేమింగ్ కంపెనీలో క్యారెక్టర్ డిజైనర్‌ను కూర్చోబెట్టి అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే. మీ పాత్రను పూర్తిగా నలుపుతో నింపేయండి. ఇప్పుడూ ఎవరో తెలుస్తోందా? సింహచర్మం, దుడ్డుకర్ర ఉంటే హెరాక్లీస్. త్రిశూలం పట్టుకుంటే పొసైడన్. తోక పైకి లేస్తే హనుమంతుడు. పది తలలుంటే చెప్పక్కర్లేదు. ఫేస్ డీటెయిలింగ్ మీద పది గంటలు పెట్టే ముందు పది నిమిషాలు ఈ పరీక్ష పెట్టుకోండి.

రిగ్గింగ్ విషయానికొస్తే తోలుబొమ్మ అక్షరాలా ఒక రిగ్. భుజం దగ్గర ముడి, మోచేతి దగ్గర ముడి. ఒంటికి ఒక పుల్ల, చేతులకు వేరే పుల్లలు. భుజం తిప్పితే మోచెయ్యి దాంతోపాటు కదులుతుంది, మోచెయ్యి తిప్పితే భుజం కదలదు. పేరెంట్-చైల్డ్ ట్రాన్స్‌ఫార్మ్ అంటూ మాట్రిక్సులతో బోర్డు నింపేది దీని గురించే. తోలులోని రంధ్రం ఆల్ఫా ఛానెల్. పలచటి తోలులోంచి రంగు వెలగడాన్ని త్రీడీలో తెప్పించాలంటే ట్రాన్స్‌లూసెన్సీ సెట్టింగులతో కుస్తీ పట్టాలి. రెండువైపులా రంగు ఎందుకేస్తారంటే, బొమ్మను తిరగేస్తే అదే రాముడు అటువైపు బాణం వేస్తాడు. స్ప్రైట్ ఫ్లిప్!

ఈ మాటలు నేను బలవంతంగా అతికిస్తున్నానని అనుకుంటున్నారా? సినిమా చరిత్ర చూడండి. ఇప్పటికీ మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో అన్నిటికన్నా పాతది జర్మనీకి చెందిన లొట్టె రైనిగర్ 1926లో తీసిన ప్రిన్స్ అఖ్మద్ కథ. నల్ల అట్టను కత్తిరించి, కీళ్లు కట్టి, ఫ్రేము ఫ్రేముకీ కొద్దికొద్దిగా కదుపుతూ తీసిందామె. నీడబొమ్మలాటే. మన దేశంలో 2020లో పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 'రాజీ' అనే గేమ్ తెచ్చింది. పహాడీ చిత్రకళ నుంచి రంగులు తీసుకుని, మధ్యలో కథ చెప్పే భాగాలను నీడబొమ్మల తీరులో చేశారు. చిన్న టీమ్. పెద్ద కంపెనీల గ్రాఫిక్స్‌తో పోటీ పడకుండా వాళ్లకు మాత్రమే సాధ్యమైన ఒక రూపాన్ని ఎంచుకున్నారు.

ఏ క్షణం గీయాలి?

వాటికన్ మ్యూజియంలో ఎక్సేకియాస్ అనే పనివాడి కుండ ఒకటుంది, క్రీ.పూ. 540-530 నాటిది. ట్రాయ్ యుద్ధంలో ఇద్దరు మహావీరులు అకిలీస్, అయాక్స్. వాళ్లను గీయమంటే మీరేం గీస్తారు? కత్తులు, రక్తం, ఎగిరే తలలు కదా. ఎక్సేకియాస్ ఆ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పాచికలాట ఆడించాడు. ఈటెలు భుజాన ఉన్నాయి, ఒళ్లు ముందుకు వంగి ఉంది, కళ్లు ఆట మీద ఉన్నాయి. అకిలీస్ నోటి దగ్గర 'నాలుగు' అని రాసుంది, అయాక్స్ దగ్గర 'మూడు' అని. ఇద్దరూ ఆ యుద్ధంలోనే పోతారని ఆ కుండ కొన్నవాడికి తెలుసు. ఆ బొమ్మలో భయమంతా ఆ తెలిసినదాంట్లోనే ఉంది.

మన తెర మీదా అంతే. లంక తగలబడే ఘట్టానికి పిల్లలు కేరింతలు కొడతారు. కానీ అశోకవనంలో కింద సీతమ్మ తల వంచుకుని కూర్చుని, పైన చెట్టుకొమ్మల్లో హనుమంతుడు నోరు మెదపకుండా ఉండే ఘట్టం ఉంది చూశారూ.. నా ఓటు దానికే. స్టోరీబోర్డ్ ఆర్టిస్ట్ ఉద్యోగానికి టెస్ట్ పెడితే చూసేది ఈ ఎంపికనే. చాలామంది ఫ్రెషర్లు పేలుడుని గీసుకొస్తారు. పేలుడుకు ముందు క్షణం గీసుకురండి.

సంతకం లేని బొమ్మలు

గ్రీకు కుండల్లోనూ చాలావాటికి సంతకాల్లేవు. ఉన్నవాటిలో కొన్ని మాత్రం భలే ఉంటాయి. క్రీ.పూ. 510 ప్రాంతంలో యూథిమిడీస్ అనేవాడు ఒక కుండ మీద, యూఫ్రోనియోస్ ఇలాంటిది ఏనాడూ గీయలేడని గొప్పగా రాసుకున్నాడు. ఆఫీసులో పక్క సీటువాడి మీద స్టేటస్ పెట్టినట్టు! మరి సంతకం లేనివి? ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన జాన్ బీజ్లీ (1885-1970) జీవితమంతా కూర్చుని, చెవి ఎలా గీశాడు, చీలమండ ఎముక ఎలా వంచాడు, బట్ట మడత ఎక్కడ ఆపాడు అని చూసి, ఏవేవి ఒకే చేతి పనో విడదీశాడు. పేరు తెలియని వాళ్లకు ఆయనే 'బెర్లిన్ పెయింటర్' లాంటి పేర్లు పెట్టాడు. ఆయన మొదలుపెట్టిన ఆర్కైవ్ ఇప్పుడు లక్షకు పైగా కుండల వివరాలతో ఆన్‌లైన్ డేటాబేస్ అయింది. ఫీచర్ ఎక్స్‌ట్రాక్షన్, క్లాసిఫికేషన్ అని మెషిన్ లెర్నింగ్ క్లాసులో చెప్పేది ఒకాయన ఒట్టి కళ్లతో చేశాడన్నమాట.

ఇప్పుడు మన బొమ్మల సంగతి. వాటి మీద చేసినవాళ్ల పేరుండదు. తోలు మట్టిలా రెండున్నర వేల ఏళ్లు ఉండదు. తేమ తగిలితే పాడవుతుంది, చిరిగితే పక్కన పడేస్తారు. రాత్రంతా ఆట పెట్టించే ఊళ్లు తగ్గిపోయాయి. ఆ ఇళ్లలో పిల్లలూ మీలాగే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, అది వాళ్ల తప్పు కాదు. గుర్తింపు ఉంది, కాదనను. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాయలసీమలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరివాళ్లు ల్యాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటూ కొంత నిలదొక్కుకున్నారు. కానీ ల్యాంప్‌షేడ్ పాట పాడదు కదా. ఏ ఘట్టానికి ఏ రాగం, ఏ మాటకు చెయ్యి ఎటు లేపాలి అన్నది ఆడించేవాళ్ల తలల్లో ఉంది. అది ఏ డేటాబేస్‌లోనూ ఎక్కించకపోతే వాళ్లతోనే పోతుంది.

ఉద్యోగం వస్తుందా?

సూటిగా చెప్తాను. 'తోలుబొమ్మల మీద ప్రాజెక్ట్ చేశాను' అన్నంత మాత్రాన ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. యానిమేషన్, గేమింగ్ రంగంలో ఫ్రెషర్ జీతాలు సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీల కన్నా తక్కువగా మొదలవ్వొచ్చు. లక్షలు కట్టించుకుని 'వంద శాతం ప్లేస్‌మెంట్' అనే ఇన్‌స్టిట్యూట్ కనిపిస్తే, కిందటి బ్యాచ్ వాళ్ల షోరీల్స్ చూపించమనండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

కానీ ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఒక తలుపుంది. టెక్నికల్ ఆర్టిస్ట్. అటు ఆర్ట్, ఇటు కోడ్ రెండూ తెలిసి, మధ్యలో పైప్‌లైన్ కట్టేవాళ్లు. షేడర్ రాయగలగాలి, రిగ్ అర్థమవ్వాలి. పైన చెప్పిన తోలు వెలుగును షేడర్‌గా రాసి, కీళ్ల బొమ్మను గేమ్ ఇంజిన్‌లో కదిపి చూపిస్తే మీకు రెండూ వచ్చని వేరే చెప్పక్కర్లేదు. బ్లెండర్, క్రిటా, గొడాట్, ఓపెన్‌టూంజ్.. అన్నీ ఉచితం. గొడాట్‌లో టూడీ ఎముకల అమరిక ఉంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. గ్రీకు కుండల ఫొటోలు కావాలంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి కాపీరైట్ గడువు తీరిన తన కళాఖండాల ఫొటోలను ఎవరైనా వాడుకునేలా ఉచితంగా వదిలింది. పక్కపక్కన పెట్టి చూడండి, చాలా నేర్చుకుంటారు.

రాజమండ్రి వాళ్లయితే ఒక ఆదివారం దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లిరండి. ఆయన 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారు. అంటే మీ సీనియర్ల వయసే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చూసి బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపితే, చదువు ముగించి బొంబాయిలోనే ఉండిపోకుండా ఊరికొచ్చి ఇక్కడివాళ్లకు బొమ్మలు నేర్పారు. 'సిద్ధార్థ రాగోదయం' ముందు ఐదు నిమిషాలు నిలబడి, ఎవరు ఎటు చూస్తున్నారో మాత్రం గమనించండి. కంపోజిషన్ మీద ఏ ఆన్‌లైన్ కోర్సూ అంత సూటిగా చెప్పదు.

మాధవపట్నం వెళ్లాలనుకుంటే ముందే కనుక్కుని, వాళ్లకు వీలైన రోజున వెళ్లండి. ఫొటో తీసే ముందు అడగండి. ఒక్క బొమ్మ ఎంచుకోండి, చాలు. ముందు, వెనక, దీపం పెట్టి, దీపం లేకుండా.. స్కేలు పక్కనుంచి తీయండి. పాత్ర ఎవరు, ఎవరు చేశారు, ఏ తోలు, ఎప్పటిది, ఏ ఘట్టంలో వస్తుంది అని అడిగి స్ప్రెడ్‌షీట్‌లో రాసుకోండి. ఆడించే తాతగారు ఆ ఘట్టం పాడతానంటే ఆడియో పూర్తిగా రికార్డ్ చేయండి, మధ్యలో ఆపకండి.

ఇంకో విషయం. ఆ ఫొటోలను ఏఐ టూల్‌లో పడేసి 'ఇదే స్టైల్‌లో ఇంకో యాభై ఇవ్వు' అనడం నిమిషం పని. మీ పోర్ట్‌ఫోలియోలో అవి పెట్టుకుంటే, ఏ కుటుంబం చేత్తో తొలిచిన నగిషీ ఎవరికి ఉపయోగపడింది అన్న ప్రశ్న వస్తుంది. ఇంటర్వ్యూలో కూడా రావచ్చు. వాళ్ల డిజైన్ ఏదైనా వాడుకుంటే ముందే ఒప్పుకున్న మొత్తం ఇవ్వండి, వాళ్ల సమయానికి కూడా. గేమ్ అయినా, మూడు నిమిషాల వీడియో అయినా చివర్లో క్రెడిట్స్‌లో బొమ్మ చేసినవాళ్ల పేరు, ఊరి పేరు వేయండి. ఆ పేరు తెలుగులో ఎలా రాయాలో వాళ్లనే అడిగి రాసుకోండి. ఇంటిపేరుతో సహా.